వనజాక్షి గొంతుతో వచ్చిన ఫోన్లు

ఉప్పుటేటిపాళెం,
బోగోలు మండలం.

వదినా,

నేను సర్పంచికి నామినేషన్ వేసిన సంగతి నీకు ఎవరో చెబితే తెలిసిందనీ, నా నోటితో చెప్పలేదని మూతి ముడుచుకున్నావనీ విన్నాను. మూతి విప్పు. తప్పు నాది కాదు. నా ఫోను మీ తమ్ముడు లాక్కున్నాడు. "సర్పంచికి నిలబడిన మనిషి ఫోను ఆఫీసుతో సమానం మే, పొయ్యి పక్కన పెట్టే వస్తువు గాదు" అని చొక్కా జేబులో వేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు. అందుకే నీ మేనకోడలు వెన్నెల కాలేజీ పుస్తకంలోంచి కాగితం చించి రాస్తున్నాను.

ఈసారి మన పంచాయతీ ఆడవాళ్లకు వచ్చింది. రేవులో పడవలవాళ్ల చేపలకు వేలం పాడే నా గొంతు అందరికీ తెలుసు కాబట్టి నన్ను నిలబెట్టారు. నా మీద ఐసు ఫ్యాక్టరీ పోలేరయ్య భార్య కరుణాకుమారి నిలబడింది. మనిషి మంచిదే, కానీ ఆమె బొమ్మలు చూడాలి నువ్వు. కంప్యూటరు చేత గీయించి రోజుకొకటి ఫోన్లలో వదులుతున్నారు. ఒకదాంట్లో తెల్లకోటు వేసుకుని సూది పట్టుకుంది. ఒకదాంట్లో సముద్రం మీద నడుస్తోంది. నిన్నటిదాంట్లో సింహం మీద కూర్చుంది. ఆ సింహానికి ఐదు కాళ్లు. చెంచమ్మత్త అది చూసి, "నాలుగు కాళ్ల సింహాన్ని ఎవురైనా ఎక్కతారు, ఐదు కాళ్లదాన్ని ఎక్కిందంటే మాటలా!" అని ఫోనుకే దణ్ణం పెట్టింది.

ఇక మీ తమ్ముడు ఊరుకుంటాడా? కావలి వెళ్లి ఓబులేసు అనే కంప్యూటరు షాపతన్ని పట్టుకొచ్చాడు. అతను నా గొంతును ఒక మిషనుకు నేర్పిస్తాడట. అది నా గొంతుతో ఇంటింటికీ ఫోను చేసి, వరస పెట్టి పిలిచి, కష్టసుఖాలు విని, ఓటు అడుగుతుందట. నేర్పించడానికి నా మాటలు కావాలంటే, మీ తమ్ముడు రేవులో నా పక్కనే నిలబడి వేలమంతా రికార్డు చేశాడు. ఇంట్లో నేను మాట్లాడేది ఓట్లకు పనికిరాదట.

నాకు వినిపించారు. అచ్చం నేనే. కాకపోతే నాకంటే మర్యాద ఎక్కువ. నువ్వు కంగారు పడకు, నీ ఓటు అత్తగారి ఊళ్లో ఉంది కాబట్టి ఆ ఫోను నీకు రాదు.

వెన్నెలకు డిగ్రీ ఆఖరి పరీక్షలు. ఆ తర్వాత నెల్లూరులో ఎమ్మెస్సీ అంటోంది. మీ అబ్బాయి శివ ఎలా ఉన్నాడు?

నీ మరదలు
వనజాక్షి


తాటికుప్పం,
తడ మండలం.

మరదలా,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు చూసి ముందు చేపముళ్లు అనుకున్నాను, తర్వాత చదివాను.

ఫోను లేదని ఉత్తరంలో రాస్తావు, ఉత్తరం చేరిన మర్నాడే ఫోను చేస్తావు! మా తమ్ముడి జేబులోంచి కొట్టేశావా? ఏదైతేనేం, కడుపు నిండిపోయింది వనజా. నేను మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తగానే నువ్వు ఎప్పుడూ "పొయ్యి మీద కూర ఉంది వదినా" అంటావు. మొన్న కూర ఊసే లేదు. అంతా విన్నావు. "అయ్యో" అనాల్సిన చోటల్లా అన్నావు. మళ్లీ నిన్నా చేశావు. మీ అన్న పులికాటు మీదికి పడవ వేసుకుపోతే నన్ను పలకరించే దిక్కు ఉండదు. నాకు ఈ వయసులో ఒక తోడు దొరికినట్టయింది. ఎన్నికల్లో నిలబడితే మనుషులు ఇంత బాగుపడతారని తెలిస్తే ఎప్పుడో నిన్ను నిలబెట్టేదాన్ని.

ఆ చనువుతోనే, చాలాకాలంగా మనసులో ఉన్న మాట అడిగేశాను. నువ్వు ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇస్తానన్నావు. పైగా మన రేవు పద్ధతిలో మూడోసారి అని కొట్టేశావు! అదేమిటో కాగితం మీద పెట్టను, దిష్టి తగులుతుంది. శివకు కొత్త చొక్కాలు కొన్నాను. అంతవరకే రాస్తాను.

నీ వదిన
స్వర్ణ


ఉప్పుటేటిపాళెం.

వదినా,

నిలబడి చదువుతుంటే కూర్చో. నేను నీకు ఫోను చేయలేదు. మొన్నా చేయలేదు, నిన్నా చేయలేదు.

నీ ఉత్తరం చదివి మీ తమ్ముడి చొక్కా పట్టుకున్నాను. "అక్క నంబరు నేనే ఇచ్చినా. ఓటు లేకపోతే మాత్రం, ఆడబిడ్డను పిలవకుండా మన ఇంట్లో ఏ పనైనా చేసినామా?" అన్నాడు. ఎన్నికల్ని పెళ్లి పిలుపులనుకున్నాడు మహానుభావుడు.

అసలు కథ ఇంకా ఉంది. ఆ మిషను నేర్చుకున్నదంతా రేవులో నేను పాడే వేలం. వేలంలో ఒకరు ఒక మాట అంటే నేను దాన్ని పైకి లేపాలి కదా? అది కూడా అదే చేస్తోంది. హజరత్తయ్య మామ వలల పాక దగ్గర ఒక వీధిలైటు అడిగాడు. "ఒక్కటేనా మామా? రెండు! రెండు... మూడు!" అని లేపుకుంటూ పోయిందట. ఆయనే భయపడి, "చాల్లేమ్మా, చేపలు పారిపోతాయి" అన్నాడట. చెంచమ్మత్త చచ్చిపోయిన తన మేక గురించి పొద్దుగూకేదాకా చెప్పుకుంది. మిషను ఓపిగ్గా విని, బతికున్న మేకలకు ఒక కొట్టం, చచ్చినదానికి ఒక కొట్టం ఇచ్చింది.

అవి నవ్వుకునేవి. నవ్వలేనిది విను. రొయ్యల గుంటల నీళ్లు ఉప్పుటేట్లోకి వదలకుండా గుంటలు మూయించాలని హజరత్తయ్య మామ అడిగితే, మూయిస్తానంది. అదే రోజు గుంటల కామాక్షయ్యకు ఫోను చేసి, గుంటలు రెండింతలు చేయిస్తానంది. ఇద్దరూ టీకొట్టు దగ్గర కలుసుకుని, ఒకరికొకరు నా మంచితనం చెప్పుకున్నారు. సగంలో ఇద్దరి మొహాలూ మాడిపోయాయట.

అన్నిటికీ చివర "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అంది. నీకు చెప్పాలా వదినా? మన రేవులో మూడోసారి అన్నాక చేప కుళ్లిపోయినా, ధర రెట్టింపైనా, అన్న మనిషి వెనక్కి పోకూడదు. పోతే మళ్లీ రేవులో నోరెత్తనివ్వరు. ఊరంతా ఇప్పుడు నా మాటలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

నాకు ముందు ఒక్కటి తెలియాలి. నీకేం ఇచ్చాను?

వనజాక్షి


తాటికుప్పం.

వనజకు,

ఏమిచ్చావో తెలియనట్టు అడుగుతున్నావు, బాగుంది.

నా శివకు వెన్నెలను అడిగాను. మేనకోడలిని అడగడానికి నాకు హక్కు లేదా? నువ్వేమన్నావో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను. "ఇస్తాం వదినా! పెళ్లి ఒకరోజు చాలదు. మూడు రోజులు! ఐదు రోజులు! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" పెళ్లి ఐదు రోజులేమిటని నాకూ కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం. ఎన్నికల్లో నిలబడినవాళ్లు అలాగే మాట్లాడతారులే అనుకున్నాను.

మిషనట! మిషనైతే నిన్న మోకాలు ఎలా ఉందని ఎలా అడిగింది? కుడిదా ఎడమదా అని కూడా అడిగింది. నువ్వు ఇన్నేళ్లలో ఏనాడైనా అడిగావా? మాట ఇచ్చి తప్పించుకోవడానికి మిషను మీద పెడుతున్నావు. వెన్నెలకు పెద్ద సంబంధం చూసుకుని ఉంటావు. చేపల పడవ నడిపే శివ కళ్లకు ఆనడు.

కుప్పమంతా చెప్పుకున్నాను. ఇంటింటికీ బెల్లం పంచాను. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలి? నేను ఆ ఊరి ఆడబిడ్డను. మా పుట్టింటివాళ్ల ఇళ్లన్నీ నా మాట వింటాయి. వచ్చి రేవులో నిలబడి, ఇది మూడోసారి అని వెనక్కి పోయిన మనిషి అని చెబితే, సర్పంచి పదవి సంగతి దేవుడెరుగు, నీ చేత చవక కవళ్ల చేపల గంప కూడా ఎవరూ పాడించరు.

స్వర్ణ


ఉప్పుటేటిపాళెం.

వదినా,

నువ్వు వచ్చి చెప్పే పని లేదు. ఆ పని నేనే చేసుకున్నాను.

నీ ఉత్తరం రాకముందే మైకు పెట్టించి, ఫోన్లలో మాట్లాడింది నేను కాదు, మిషను అని చెప్పేశాను. పీడ విరగడవుతుందనుకున్నాను. మర్నాటి నుంచి ఊళ్లో ఎవరూ ఏ మాటకూ కట్టుబడటం లేదు. కామాక్షయ్య ఐసుకు ఫోన్లో చెప్పి, తీరా బండి వచ్చాక, "అడిగింది నేను గాదయ్యా, నా గొంతు" అన్నాడు. చెంచమ్మత్త కోడలు ఫోన్లో అత్తను తిట్టి, సాయంత్రం "అయ్యో, నేనెందుకు తిడతానత్తా, మిషనయ్యుంటాది" అంది. నా ఫోను వెనక్కి తీసుకుని, దాంట్లో మీ తమ్ముణ్ణి ఇంటికి రమ్మంటే, "నువ్వేనని నాకు నమ్మకం యాడుండాది?" అని పేకాట దగ్గరే కూర్చున్నాడు. కరుణాకుమారి కూడా ఎప్పుడో ఇచ్చిన హామీలన్నీ ఐదు కాళ్ల సింహం ఇచ్చినవే అంటోంది.

ఇవి రాస్తుంటే నవ్వొస్తోంది. కానీ నిన్న పొద్దున హజరత్తయ్య మామ పడవ వంజరాలతో వచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన నా మొహం చూడకుండా ఇంకొకరిని పాడమన్నాడు. "ఏం మామా?" అన్నాను. "మూడోసారి అన్నాక అది నేను గాదంటివి గదమ్మా. రేపు ఈ చేపల కాడా అట్టే అంటే నేనేం జెయ్యాల?" అన్నాడు. ఇంటికి వచ్చి గంప బోర్లించి కూర్చుని ఏడ్చాను వదినా. మీ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి నాకున్న ఆస్తి ఆ ఒక్క గొంతే.

ఏడ్చి ఆలోచించాను. రేవులో వేలం అందరి ముందూ జరుగుతుంది. నేను ఒక ధర అంటే పోలేరయ్యకూ అదే, చెంచమ్మత్తకూ అదే. మిషను ఎవరి చెవిలో వాళ్లకు వేరే ధర చెప్పింది. ఓటు అడగడమంటే గుమ్మంలో నిలబడి నాలుగు తిట్లు తినడం. నేను సిగ్గుపడి ఆ పని దానికి అప్పగించాను. అందుకని ఓట్లకు ముందు, శనివారం సాయంత్రం, మిషను ఇచ్చిన మాటలన్నీ రేవులో మళ్లీ పాడతాను. ఈసారి పైనుంచి కిందికి. చేయగలిగింది చేస్తానంటాను, చేయలేనిదాన్ని చేయలేనంటాను.

నీకిచ్చిన మాట కూడా అందులో ఉంది. నేను చదివి వినిపిస్తే వెన్నెల, "మిషన్ని అడిగినారు, అది ఇచ్చినాది. నన్ను అడిగినోళ్లు ఎవురు?" అని పుస్తకం మూసి లేచిపోయింది. దానికి పెద్ద సంబంధం ఏదీ చూడలేదు వదినా. శివను తక్కువ చేస్తే నా కళ్లు పోతాయి. దానికి చదువు మీద తప్ప దేనిమీదా మనసు లేదు.

మూడోసారి అన్నాక అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోకూడదు, కొన్నవాళ్లే అందరి ముందూ వదులుకోవాలి. వదులుకోమని నిన్ను అడగను. నువ్వు పట్టుబడితే నా కూతుర్ని ఇవ్వను, ఆ రోజుతో రేవులో పాడటం మానేస్తాను. ఓట్లు ఎలాగూ పోతాయి. నీకు కోపం ఉంటుంది. అదొక్కటే నేను తట్టుకోలేను.

వనజ


తాటికుప్పం నుంచి శివ చేతికిచ్చి పంపింది.

ఉప్పుటేటిపాళెం రేవులో నిలబడ్డ పెద్దలకు, పిన్నలకు, వెనక చేరి నవ్వే ఆడవాళ్లకు, ఈ ఊరి ఆడబిడ్డ స్వర్ణ చెప్పుకునేది. మోకాళ్లు బస్సు ఎక్కనివ్వలేదు. దీన్ని నా మరదలే చదవాలి. ఒక్క మాట మార్చినా శివ పక్కనే ఉన్నాడు.

మీ అందరికీ వచ్చినట్టే నాకూ ఫోన్లు వచ్చాయి. మరదలు మిషనని రాస్తే నమ్మలేదు, కారాలు మిరియాలు నూరాను. నిన్న సాయంత్రం మళ్లీ వచ్చింది. పరీక్ష పెట్టాను. "వనజా, వెన్నెల వద్దులే, శివకు ఇంకో పిల్లను చూసినా" అన్నాను. "మంచిది వదినా!" అంది. "అసలు పెళ్లే చెయ్యను, వాణ్ణి సన్యాసుల్లో కలిపేస్తా" అన్నాను. "కలుపుదాం వదినా! ఒక్కసారేనా? రెండుసార్లు కలుపుదాం!" అంది.

నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ అంత తీయగా నా గోడు విన్నది నేనెవరో తెలియని వస్తువు. ఒంటరిగా ఉన్నానేమో, దాన్ని పట్టుకుని వేలాడాను. నేను వెన్నెలను అడిగితే అది ఒక్కసారైనా "పిల్లను అడిగినావా?" అనలేదు. నా మరదలైతే ముందు ఆ మాటే అని, తర్వాత నన్ను నాలుగు దులిపేది. నాకు అప్పుడే తెలియాల్సింది.

శివనూ అడిగాను. వాడు తల గోక్కుని, "వద్దమ్మా, వెన్నెల నాచేత రోజూ పాఠం అప్పజెప్పించుకుంటాది" అన్నాడు. పక్కనే నిలబడి ఇది వింటున్నాడు కదా, ఎర్రబడ్డ మొహం అందరూ చూడండి.

అందుకని రేవు సాక్షిగా చెబుతున్నాను. ఫోన్లో నాకిచ్చిన మాట వదులుకుంటున్నాను. ఒకటోసారి. వదులుకుంటున్నాను. రెండోసారి. మూడోసారి నేను అనను. అది అనాల్సింది వెన్నెల.

స్వర్ణ


ఉప్పుటేటిపాళెం.

వదినా,

శివ నోటితో విని ఉంటావు, అయినా నా చేత్తో రాయకపోతే నాకు తృప్తి లేదు.

ముందు లైట్లు పాడాను. మూడు కాదు, ఒకటి అన్నాను. ఆడవాళ్లు గోల చేశారు. చెంచమ్మత్త కొట్టాలు రెండూ లేవన్నాను. ఆమె నన్ను, నా పుట్టింటిని, మిషను పుట్టింటిని కలిపి తిట్టింది. నిలబడి తిన్నాను. గుంటలు మూయించడం నా చేతిలో లేదు, పెంచనివ్వను, మురికినీళ్లు ఏట్లోకి వదిలితే మాత్రం కాలవకు అడ్డం కూర్చుంటానన్నాను. కామాక్షయ్య, హజరత్తయ్య మామ ఇద్దరూ నన్నే తిట్టారు, ఒకేసారి. చాలాకాలానికి వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు.

తర్వాత నీ ఉత్తరం. "రెండోసారి" దగ్గర ఏడుపొచ్చి కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎంత పెద్ద వేలంలోనూ నాకు అట్లా కాలేదు. వెన్నెల గుంపులోంచి వచ్చి "మూడోసారి!" అని అరిచింది. బోగోలు దాకా వినపడి ఉంటుంది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నీ కొడుకే.

ఆ సాయంత్రమే హజరత్తయ్య మామ పడవ మీదనుంచి నన్ను పిలిచి, కానాగడత చేపల గంప ముందు పెట్టాడు. "లైటు ఒక్కటే అన్నావు గదా, అది వెలుగతాదిలే, పాడు" అన్నాడు.

నిన్న లెక్కింపు. గెలిచాను. చెప్పుకోదగ్గ తేడా కాదు, రెండు పడవల జనం అటు ఎక్కితే ఓడిపోయేదాన్ని. మీ పుట్టింటి ఇళ్లు లేకపోతే ఎక్కేవాళ్లే. చెంచమ్మత్త మాత్రం ఓటు సింహానికే వేశానని నా మొహం మీదే చెప్పి, ఆ వెంటనే పింఛను సంగతి చూడమంది. రేపటి నుంచి చూడాలి.

మిషన్ని ఆపేయమని ఓబులేసుకు మళ్లీ చెప్పాను. అది కూడా వినయంగా సరేనందట. ఆగిందో లేదో తెలియదు.

నీ వనజ


తాటికుప్పం.

సర్పంచిగారికి,

ఆగలేదు. నీ ఉత్తరం వచ్చిన పూటే ఫోను మోగింది. నీ గొంతే. గెలిచాను వదినా, అంతా నీ చలవే అని తేనె పోసింది. నేనూ ఊరుకోలేదు. రేవులో అందరి ముందూ మాట వదులుకున్న ఆడబిడ్డకు పట్టుచీర పెట్టాలన్నాను. "ఒక్క చీరేనా వదినా? రెండు! మూడు!" అంది. ఫోను పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఇల్లంతా బోసిగా అనిపించింది. అది అబద్ధమని తెలిసీ అనిపించింది, నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను?

చీకటి పడబోతుండగా మళ్లీ మోగింది. మళ్లీ నీ గొంతే. వెనక మా తమ్ముడు దేనికో అరుస్తున్నాడు. ఈసారి నేను పలకరించలేదు, కుశలం అడగలేదు. నేరుగా పట్టుచీర అన్నాను.

"పట్టుచీరా? బీరువాలో ఉన్నవి ముందు కట్టి చింపు. నన్ను వేలంలో పెట్టి, ఊరందరి ముందు ఏడిపించి, ఇంకా చీర గూడానా నీకు?" అని ఎడాపెడా వాయించి, నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వకుండా ఠక్కున ఫోను పెట్టేశావు.

నువ్వే. దేవుడి దయవల్ల నువ్వే వనజా.

నీ వదిన
స్వర్ణ